గప్పీలకు (తొట్లల్ల పెంచే చిన్న రంగుచేపలు) ఈ పేర్లు ఎవరు పెడ్తరు? మనం ఏరి పెంచిన లైన్‌కు మనం పెట్టుకోవచ్చా?

హన్మకొండ_గప్పీ:
అన్నా, మిద్దె మీద రెండు గోలాలల్ల గప్పీలు పెంచుతున్న. పోయినేడు ఒక షాపుల బ్లూ మాస్కో అని జత తెచ్చిన, ఇంకో షాపాయన చూసి ఇది మెటల్ హెడ్ అన్నడు, తీరా పిల్లలు పెద్దగైనంక కొన్నిటికి వెనక సగం నలుపు తిరిగింది. వాటినే ఏరి ఏరి పెట్టిన. ఇప్పుడు తల నీలం, నడుము కాడ్నుంచి నలుపు, తోక అంచుకు సన్నగ ఎర్రగీత. దీనికి ఓరుగల్లు అని పెట్టుకుంటే ఎవరన్న అడ్డం చెప్తరా?

కాజీపేట_ట్యాంకులు:
ఎవ్వరు చెప్పరు తమ్మీ. సైంటిఫిక్ పేర్ల రూల్స్ ఉపజాతి కాడికే, మనం ఏరి చేసిన రకాల దాకా రావు. చెట్ల రకాలకన్న వేరే కోడ్ ఉంది, చేపలకు లేదు, పెంచినోళ్ళు అమ్మినోళ్ళు ఏది పిలిస్తె అదే. మాస్కో అంటే ఆ ఊరి పేరే. మెటల్ హెడ్ అనుడు కూడ తప్పు కాదు, మాస్కో మగదాని తల ఇనుము లెక్క మెరుస్తది. నీ దాని నలుపును టక్సీడో అంటరు, కోటు తొడిగినట్టు ఉంటదని. ఫైటర్ చేపలల్ల హాఫ్‌మూన్ అంటే మాత్రం లెక్క పక్కా, తోక విప్పితే 180 డిగ్రీలు రావాలె.

నర్సంపేట_ఆక్వా:
పేరు కన్న ముందు ఒకటి చూడు. మాస్కో గుణం వై క్రోమోజోం మీద ఉంటది, తండ్రి నుంచి కొడుకులకు పోతది, అందుకే తల్లి ఏదైనా మగపిల్లలు మాస్కో లెక్కనే కొడ్తయ్. పైగ ఆడ గప్పీ మగదానితోని ఒక్కసారి కలిస్తె వీర్యాన్ని నెలల తరబడి దాసుకోని పిల్లల్ని పెడ్తది. నేను డంబో మొజాయిక్ అని జత తెచ్చిన, మొదటి ఈతల నలభై పిల్లలల్ల ఐదారింటికే డంబోకు ఉండాల్సిన చెవులసొంటి పెద్ద రెక్కలొచ్చినయ్, చానా బాధయింది. నాలుగో వారం దాటకముందే ఆడయి మగయి విడదియ్యి, వరుసగ మూడు నాలుగు తరాలు అదే ఎర్రగీత వస్తె అప్పుడు పేరు పెట్టు. మా దిక్కు చపాట మిర్చి చూడు, 2025ల జీఐ (ఫలానా ప్రాంతం పంట అని సర్కారు ఇచ్చే గుర్తింపు) వచ్చింది గని టమాట మిర్చి అని జనం ఎప్పట్నుంచో అంటనే ఉన్నరు.

హన్మకొండ_గప్పీ:
నాలుగో వారం సంగతి నాకు తెల్వదన్నా, నేను రెండు నెలలకు విడదీస్తున్న. మొన్న సోమవారం పిల్లలు పెట్టింది, ఇరవై రెండున్నయ్. రేపే మూడో గోలెం కడిగి పెడ్త.