పాత ఎంజీబీ ఇంజన్‌ని ఇంట్లోనే, స్నేహితులతో కలిసి దించొచ్చా?

పాతబండి65:
నాది 1965 ఎంజీబీ రోడ్‌స్టర్, బ్రిటన్‌లో తయారైన పాత ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు. క్లచ్ జారుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తుంది తప్ప బండి వేగం అందుకోవడం లేదు. ఈ బండికి క్లచ్ ప్లేటు మార్చాలంటే ఇంజన్ దించక తప్పదు. ముగ్గురు స్నేహితులు వస్తామన్నారు. క్రేన్ ఒక్క రోజుకి అద్దెకు దొరుకుతోంది. షెడ్‌లో సిమెంటు నేల ఉంది. ఇంట్లో చేయొచ్చా? ఇంజన్ ఒక్కటే తీయాలా, గేర్‌బాక్స్‌తో కలిపి తీయాలా?

తుప్పుమీదయుద్ధం:
కలిపే తీయండి. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. విడిగా దించడం సులువే, తిరిగి ఎక్కించేటప్పుడు ఉంటుంది అసలు పండగ. క్రేన్‌కి వేలాడే ఇంజన్‌ని గేర్‌బాక్స్ షాఫ్ట్‌కి సూటిగా తెచ్చి, షాఫ్ట్ పళ్లు క్లచ్ ప్లేటులోకి దూరేదాకా కదుపుతూనే ఉండాలి. విసుగొచ్చి బోల్టులతో లాగేద్దామనుకుంటే బరువంతా షాఫ్ట్ మీద పడి కొత్త ప్లేటు వంగుతుంది. కలిపి తీస్తే ఈ జత కలిపే పని నేలమీద, కళ్లెదుట, తీరిగ్గా చేసుకోవచ్చు. బానెట్, రేడియేటర్, దాన్ని పట్టుకునే రేకు ముందే విప్పేయండి. క్లచ్ స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని కదిపేది) పైపు విప్పక్కర్లేదు, సిలిండర్‌ని ఊడదీసి పక్కకి కట్టేస్తే చాలు. గేర్‌బాక్స్‌లో ఆయిల్ కూడా ముందే తీసేయండి. లేకపోతే ఏటవాలుగా లేపినప్పుడు వెనక నుంచి మొత్తం నేలపాలు.

నెమ్మదస్తుడు:
ఆయన మొదట అడిగింది కలిపా విడిగానా అని కాదు, ఇంట్లో చేయొచ్చా అని. వద్దు. ఆ ఇంజన్ పోత ఇనుముది, గేర్‌బాక్స్ లేకుండానే 150 కిలోలు దాటుతుంది. క్రేన్ మీద రెండు టన్నులని రాసి ఉన్నా, అది దాని చెయ్యి పూర్తిగా లోపలికి ఉన్నప్పటి మాట. చివరిదాకా సాగదీస్తే చాలావాటికి అర టన్నే. రోజూ ఈ పని చేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకివ్వండి.

తుప్పుమీదయుద్ధం:
మీ లెక్కే తీసుకుందాం. అర టన్ను. ఇంజన్, గేర్‌బాక్స్ కలిపినా అందులో సగానికి అటూఇటూ ఉంటుంది. ఇంకెక్కడ భయం?

స్పిట్‌ఫైర్‌వాలా:
మాది ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారు, దానికి గేర్‌బాక్స్ సీట్ల మధ్య నుంచే బయటికొస్తుంది. ఇంజన్ కదపకుండా క్లచ్ మార్చుకున్నాం. మిమ్మల్ని చూస్తే జాలేస్తోంది 😀

గ్రీజుబాబు:
అన్నిటికన్నా ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి. ఇంత రాశారు, ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.

తుప్పుమీదయుద్ధం:
1967 దాకా వచ్చిన ఎంజీబీలకి పాజిటివ్ ఎర్త్ అండీ. ముందు తీయాల్సింది బాడీకి కలిసిన వైరు. ఆ బండిలో అది పాజిటివ్. సీట్ల వెనక ఆరు వోల్టుల బ్యాటరీలు రెండుంటాయి, ఏ వైరు బాడీకి కలిసిందో చూసి అయినా అర్థం చేసుకోవాలి.

గ్రీజుబాబు:
ఏ బండికైనా నెగటివే ముందు. నేను పని నేర్చుకున్న చోట అదే చెప్పారు.

తుప్పుమీదయుద్ధం:
పాజిటివ్ ఎర్త్ బండిలో నెగటివ్ విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలి మెరుపులు వస్తాయి. నేర్పినవాళ్లు అది చెప్పలేదా?

గ్రీజుబాబు:
నేర్పినవాళ్ల జోలికి వెళ్లకండి.

పాతబండి65:
దయచేసి ఆపండి. నా బండిని ఎప్పుడో ఎవరో నెగటివ్ ఎర్త్‌కి మార్చి ఆల్టర్నేటర్ పెట్టారు. ఇంజన్ సంగతి చెప్పండి.

తుప్పుమీదయుద్ధం:
చెప్తున్నా. "రోజూ చేసేవాళ్లకివ్వండి" అన్నారుగా, నేనూ ఒకప్పుడు అలాగే ఒక వర్క్‌షాప్‌కి ఇచ్చాను. నెలల తరబడి తిప్పించుకున్నారు. చివరికి బండి ఇంటికొచ్చాక సెల్ఫ్ కొడితే చోక్ కేబుల్ నుంచి పొగ! ఇంజన్‌కి, బాడీకి మధ్య ఉండే ఎర్త్ పట్టీ తిరిగి బిగించడం మర్చిపోయారు. సెల్ఫ్ మోటార్ లాగే కరెంటంతా ఆ సన్నటి కేబుల్ గుండా పోయింది. అడిగితే "పాత బండి కదా సార్" అన్నారు. ఆ రోజు నుంచి నా బండి మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు.

నెమ్మదస్తుడు:
పట్టీ మర్చిపోతే కేబుల్ కాలుతుంది. గొలుసు జారితే చెయ్యి పోతుంది. రెండూ ఒకటేనా?

తుప్పుమీదయుద్ధం:
సరిగ్గా కడితే గొలుసు జారదు. అసలు మీరు ఎప్పుడైనా ఇంజన్ దించారా? చేతికి గ్రీజు అంటనివాళ్లే ఇక్కడ జాగ్రత్తలు ఎక్కువ చెప్తారు.

నెమ్మదస్తుడు:
దించాను. నీలాంటివాడి ఇంట్లోనే.

ఆ వచ్చిన స్నేహితుల్లో నేనొకణ్ణి. ఇంజన్, గేర్‌బాక్స్ కలిపే లేపుతున్నాం, నువ్వు చెప్పిన పద్ధతే. సాయంత్రానికి క్రేన్ తిరిగి ఇచ్చేయాలి. సగం లేచాక ఎక్కడో పట్టేసింది. ఆపి కింద చూద్దాం అని నా నోటిదాకా వచ్చింది. బండి అతనిది, ఇల్లు అతనిది, పొద్దున్నుంచి టెన్షన్‌లో ఉన్నాడు, మధ్యలో నేనెవర్ని అని మొహమాటపడ్డాను. అతను క్రేన్ హ్యాండిల్ కొడుతూనే ఉన్నాడు. వదిలించడానికి నేను చెయ్యి పెట్టిన క్షణంలోనే అది ఊడి ఊగింది. ఇంజన్‌కి, స్టీరింగ్ ర్యాక్‌కి (ముందు చక్రాలని తిప్పే కడ్డీ) మధ్య నా వేలు. ఇప్పటికీ చివరి కణుపు వంగదు. "చెయ్యి పెట్టింది నువ్వే కదా" అంటాడు అతను. మంచివాడే.

వర్క్‌షాప్‌లో వేలు నలిగితే అడిగే హక్కు ఉంటుంది. స్నేహితుడి షెడ్‌లో నలిగితే అడిగిన రోజే స్నేహం పోతుంది.

స్పిట్‌ఫైర్‌వాలా:
అయ్యో.

తుప్పుమీదయుద్ధం:
చదివి బాధ కలిగింది. కానీ తప్పు ఇంటిది కాదు, ఆ మనిషిది. నా షెడ్‌కి వచ్చేవాళ్లని నేను ఊరికే వాడుకోను. వాళ్ల బండ్లకి నన్ను పిలిస్తే నేనూ వెళ్తాను. ఇచ్చిపుచ్చుకోవడం లేకపోతే ఈ బండ్లు ఈపాటికి పాత ఇనుములోకి పోయేవి.

నెమ్మదస్తుడు:
చిక్కంతా ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే ఉంది. రేపు తన బండికి మీరు రావాలి కాబట్టి ఇవాళ మీకు ఎదురు చెప్పడు.

క్రాంక్‌అక్క:
ఇద్దరూ కాసేపు ఆగండి. మా జట్టులో ఒక పద్ధతి ఉంది. బండి ఎవరిదో వాళ్లు క్రేన్ హ్యాండిల్ ముట్టుకోకూడదు. తొందరంతా ఓనర్‌కే ఉంటుంది మరి. హ్యాండిల్ వేరేవాళ్లు పడతారు, "ఆపు" అని ఎవరన్నా ఆపేస్తారు, ఎందుకని తర్వాత అడుగుతారు. వేలాడుతున్న ఇంజన్ కింద, దానికీ బాడీకీ మధ్య చెయ్యి దూర్చేది లేదు, చెక్క ముక్కతో నెట్టాలి. పట్టేసిందంటే ఏదో ఒకటి విప్పడం మర్చిపోయామనే అర్థం. స్పీడోమీటర్ కేబుల్, ఓవర్‌డ్రైవ్ (గేర్‌బాక్స్ వెనక ఉండే అదనపు గేరు) ఉంటే దాని వైర్లు, గేర్‌బాక్స్ కింద దాన్ని మోసే అడ్డపట్టీ అంటే క్రాస్‌మెంబర్, ఎక్కువగా వీటిలోనే ఉంటుంది.

తుప్పుమీదయుద్ధం:
నా బండి ఇంజన్ లేస్తుంటే నేను పక్కన నిలబడి చూడాలా? ఏ బోల్టు ఎంత బిగుసుకుందో నాకు తెలిసినట్టు వాళ్లకేం తెలుసు?

నెమ్మదస్తుడు:
అదీ సంగతి. ఇల్లా వర్క్‌షాపా అని ఇంతసేపు కొట్టుకున్నాం. మీ గొడవ ఎవరి చెయ్యీ పడకూడదని, నాది ఎవరైనా ఆపగలగాలని. మీ వర్క్‌షాప్ కథ విన్నప్పుడే నాకు ఇది తట్టి ఉండాల్సింది.

తుప్పుమీదయుద్ధం:
ఎవరైనా ఆపొచ్చు అంటే ఒప్పుకుంటా. హ్యాండిల్ మాత్రం ఇవ్వను. మీరు ఏమనుకున్నా సరే.

గ్రీజుబాబు:
నేనైతే ఇస్తా. ఓనర్‌ని లైటు పట్టుకోమంటా 😀

పాతబండి65:
క్రేన్‌ని రెండు రోజులకి మాట్లాడుకున్నాను, సాయంత్రానికి తిరిగివ్వాలన్న తొందర ఉండదు. హ్యాండిల్ మా వాళ్లలో అందరికన్నా నిదానంగా ఉండేవాడికి ఇస్తున్నా. కలిపే దించుతాం. ముందు రోజే ప్రతి వైరుకీ చీటీ కట్టి ఫోటోలు తీసుకుంటా.

తుప్పుమీదయుద్ధం:
లోడ్ లెవలర్ (వేలాడే ఇంజన్ వాలుని మార్చే కడ్డీ) కూడా అద్దెకు తెచ్చుకోండి. అది లేకుండా రెండూ కలిపి ఏటవాలుగా తిప్పడం నరకం. పనిలో పనిగా కార్బన్ రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని నొక్కేది), క్రాంక్ షాఫ్ట్ వెనక ఆయిల్ సీలు కూడా చూసేయండి. మళ్లీ దించాల్సి వస్తే ఆ ముగ్గురూ రారు.

నెమ్మదస్తుడు:
ఎక్కించేటప్పుడు ఇంజన్‌ని బాడీకి బిగించే మౌంటు రంధ్రాలు ఎదురెదురుగా వచ్చాయో లేదో వేలు పెట్టి చూడకండి. స్క్రూడ్రైవర్ దూర్చి చూడండి.