విండోస్ పక్కన ఆర్చ్ లినక్స్: గ్రబ్ పెట్టాలా, సిస్టమ్‌డీ-బూట్ పెట్టాలా?

నమస్కారం అండి. విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌లోనే ఆర్చ్ లినక్స్ కూడా వేసుకుంటున్నాను. డిస్క్ ఒకటే, యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) మోడ్. బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ఓఎస్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్) ఎంచుకునే దగ్గర ఆగిపోయాను.

సిస్టమ్‌డీ-బూట్ వైపే మనసు లాగుతోంది. సెట్టింగులన్నీ చిన్న టెక్స్ట్ ఫైళ్లు, చదివితే అర్థమైపోతాయి. రెండూ ఒకే ఈఎస్‌పీలో (బూట్ ఫైళ్లుండే చిన్న పార్టిషన్‌లో) ఉంటే విండోస్‌ను తనంతట తానే మెనూలో చూపిస్తుంది. గ్రబ్‌లో 2.06 నుంచి ఓఎస్-ప్రోబర్‌ను (వేరే ఓఎస్‌లను వెతికే టూల్‌ను) మనమే ఆన్ చేసుకోవాలి.

సిస్టమ్‌డీ-బూట్‌తో చిక్కల్లా ఈఎస్‌పీ సైజుతోనే. విండోస్ చేసిపెట్టింది 100 ఎంబీ మాత్రమే. కెర్నల్ (లినక్స్ అసలు భాగం), ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో కావాల్సిన ఫైళ్ల ఇమేజ్) రెండూ అందులో ఎలా పడతాయి? కెర్నళ్ల కోసం విడిగా ఎక్స్‌బూట్‌ఎల్‌డీఆర్ అనే అదనపు బూట్ పార్టిషన్ చేసుకోవచ్చని చదివాను. గ్రబ్‌కి ఈ బాధ లేదు, కెర్నల్‌ను బీటీఆర్‌ఎఫ్ఎస్‌ (లినక్స్ ఫైల్ సిస్టమ్) లోంచే చదువుకుంటుంది. పాత స్నాప్‌షాట్‌లోకి (సిస్టమ్ అంతకుముందు ఎలా ఉందో దాచిన నకలులోకి) బూట్ అవడం కూడా దాంతో తేలిక. అప్‌డేట్ బెడిసికొట్టినప్పుడు ఆ దారి ఉండటం నాకు చాలా ముఖ్యం.

ఎక్స్‌బూట్‌ఎల్‌డీఆర్ వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? దానికి 1 జీబీ ఇస్తే, మామూలు కెర్నల్‌తో పాటు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే కెర్నల్) కూడా పెట్టుకోవచ్చా? విండోస్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది, నా పనులు ఇంకా అందులోనే ఉన్నాయి. పెద్ద అప్‌డేట్ తర్వాత బూట్ వరుస మారిపోతే ఎఫీబూట్‌ఎంజీఆర్‌తో (బూట్ వరుస మార్చే లినక్స్ కమాండ్‌తో) సరిచేస్తే చాలా, ఇంకేమైనా చేయాలా?