ఆగస్టు 29: ‘చరిత్రలో ఈ రోజు’ బోర్డుకి తేదీలు సరిచూసుకోవడం ఎలా?

బడిబోర్డు:
మా హైస్కూల్లో ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, జాతీయ క్రీడా దినోత్సవం రెండూ ఒకే అసెంబ్లీలో జరుగుతాయి. ఆ రోజు నోటీసు బోర్డు రాసేది 9వ తరగతి పిల్లలు. వాట్సాప్‌లో, నెట్‌లో దొరికే జాబితాలు చూస్తే ఒకదానికొకటి పొంతన లేదు. ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ పుట్టినరోజు ఒకచోట ఆగస్టు 29, ఇంకోచోట సెప్టెంబరు 8. శాస్త్రవేత్త ఫారడే విద్యుత్ ప్రయోగం ఒకచోట ఆగస్టు 29, 1831, మరోచోట నవంబరు 24. ఒక జాబితాలోనైతే వినాయక చవితి కూడా ఉంది! ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? మూడు నిమిషాల్లో చదవడానికి ఎన్ని అంశాలు పడతాయి?

పాతకేలండర్:
లాక్ విషయంలో రెండు తేదీలూ సరైనవే. ఆయన పుట్టిన 1632లో ఇంగ్లండు ఇంకా పాత జూలియన్ కేలండరే వాడుతోంది. అందులో ఆగస్టు 29 అంటే ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్‌లో సెప్టెంబరు 8. జూలియన్ పద్ధతిలో ప్రతి నాలుగో ఏడూ లీపే. గ్రెగోరియన్‌లో 1700, 1800, 1900 లీపు కావు. అందుకే తేడా పెరుగుతూ పోయింది: 1582లో మార్పు మొదలైనప్పటి నుంచి 1700 ఫిబ్రవరి దాకా 10 రోజులు, 18వ శతాబ్దంలో 11, 19వ శతాబ్దంలో 12, 1900 మార్చి నుంచి 13.

ఏ దేశం ఎప్పుడు మారిందన్నది కూడా చూడాలి. బ్రిటన్‌లో 1752 సెప్టెంబరు 2 తర్వాతి రోజు 14. రష్యాలో 1918 జనవరి 31 తర్వాతి రోజు ఫిబ్రవరి 14. ‘అక్టోబరు విప్లవం’ వార్షికోత్సవం నవంబరు 7న వచ్చేది అందుకే. 1582కి ముందువి మాత్రం మార్చకండి, జూలియన్ తేదీనే ఉంచడం చరిత్రకారుల ఆనవాయితీ. ఒట్టోమన్ తుర్కుల సుల్తాను సులేమాన్ సైన్యం హంగరీ రాజు రెండో లూయీని ఓడించిన మోహాచ్ యుద్ధం 1526 ఆగస్టు 29నే, అలాగే రాయండి.

ఎక్కువమంది బోల్తాపడేది ‘గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడు’ అనే వాక్యం దగ్గర. గెలీలియో మరణం 1642 జనవరి 8, అది ఇటలీ లెక్క, గ్రెగోరియన్. న్యూటన్ పుట్టుక 1642 డిసెంబరు 25, అది ఇంగ్లండు లెక్క, జూలియన్. ఇద్దరినీ ఒకే కేలండరులోకి తెస్తే న్యూటన్ పుట్టింది 1643 జనవరి 4. రెండు కేలండర్లు కలిపేసి పుట్టించిన వింత ఇది. పిల్లల బోర్డు మీదికి రానివ్వకండి.

ప్రయోగశాల:
ఫారడే సంగతి వేరు, అక్కడ కేలండరు గొడవ లేదు. ఆగస్టు 29 ప్రయోగం చేసిన రోజు, ఆయన దినచర్య పుస్తకంలో ఉన్న తేదీ. నవంబరు 24 ఆ పరిశోధనను రాయల్ సొసైటీలో చదివిన రోజు. బోర్డు మీద ‘కనుక్కున్నారు’ అని ఊరుకోకుండా ‘ప్రయోగం చేశారు’ అని రాస్తే చిక్కు ఉండదు. ప్రయోగం గురించి ఒక్క వాక్యమైనా చేర్చండి, పిల్లలకి అదే గుర్తుంటుంది. మెత్తని ఇనుముతో చేసిన కడియం, బయటి వ్యాసం 6 అంగుళాలు, మందం అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. ఒక పక్క చుట్టిన రాగి తీగకి బ్యాటరీ. రెండో పక్క చుట్టిన తీగ చివర్లు కలిపి, దాన్ని అయస్కాంత సూది మీదుగా పోనిచ్చారు. బ్యాటరీ కలిపినప్పుడు సూది కదిలి మళ్లీ నిలిచిపోయింది. తీసినప్పుడు మళ్లీ కదిలింది. కరెంటు నిలకడగా పారుతున్నంత సేపూ కదలిక లేదు. మొదటి తీగలో కరెంటు మారుతున్నప్పుడే రెండో తీగలో కరెంటు పుడుతుంది, అసలు విషయమంతా అక్కడే ఉంది.

సోవియట్ తొలి అణుపరీక్షకీ ఇలాంటి రెండు తేదీలున్నాయి. కజకిస్తాన్‌లోని సెమిపలతిన్‌స్క్‌లో పేలింది 1949 ఆగస్టు 29న, సుమారు 22 కిలోటన్నుల టీఎన్‌టీ పేలుడుకి సమానం. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ప్రకటనతో ప్రపంచానికి తెలిసింది సెప్టెంబరు 23న.

ఆ పరీక్షా కేంద్రాన్ని మూసేస్తూ ఉత్తర్వు వచ్చింది 1991 ఆగస్టు 29నే. ఐక్యరాజ్యసమితి 2009లో తీర్మానం చేసి అణుపరీక్షల వ్యతిరేక దినంగా ఎంచుకున్నదీ అదే తేదీని. ఇవి కాకతాళీయాలు కావు, ఒకదాన్ని చూసి ఒకటి కావాలని పెట్టినవి. మూడు వింతల్లా విడివిడిగా కాకుండా ఒకే అంశంగా కలిపి రాయండి. గిడుగు జయంతి, తెలుగు భాషా దినోత్సవం కూడా అంతే. హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ జయంతి, క్రీడా దినోత్సవం కూడా అంతే.

గడియారాన్ని కూడా మరవకండి. కత్రినా తుపాను అమెరికాలోని లూసియానా తీరం దాటింది 2005 ఆగస్టు 29 ఉదయం ఆరు దాటాక. మనకి అప్పుడు సాయంత్రం, తేదీ మారలేదు. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టింది అమెరికాలో 1969 జులై 20 రాత్రి, మనకి జులై 21 ఉదయం. సంఘటన జరిగిన చోటి తేదీనే రాయాలి.

తిథివారం:
వినాయక చవితి తీసెయ్యండి. 2014లో అది ఆగస్టు 29న వచ్చింది, ఆ జాబితా ఆ ఏటిది అయ్యుంటుంది. తిథుల పండుగల తేదీలు ఏటా మారుతుంటాయి. అధిక మాసం వచ్చిన ఏడు మరీ దూరం పోతాయి. త్యాగరాజస్వామి సిద్ధి పొందింది 1847 జనవరి 6న. ఆరాధన మాత్రం పుష్య బహుళ పంచమికి, అది జనవరిలోనూ రావచ్చు, ఫిబ్రవరిలోనూ రావచ్చు. ‘జనవరి 6: త్యాగరాజ ఆరాధన’ అని రాస్తే తప్పు.

మన పెద్దల జాతకాల్లో సంవత్సరం పేరు మాత్రమే ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. గిడుగు పుట్టిన 1863 రుధిరోద్గారి. అదే పేరు 1923లో వచ్చింది, 1983లోనూ వచ్చింది. పేరొక్కటే పట్టుకుంటే అరవై ఏళ్లు అటూఇటూ అయిపోతుంది. పైగా పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలవుతుంది. తెల్లవారుజామున మూడింటికి పుట్టినవారికి ముందురోజు వారమే రాసి ఉంటుంది. తేదీకీ వారానికీ ఒక రోజు తేడా కనిపిస్తే ముందు ఇది చూడండి.

లెక్కలపుట్ట:
వారం సరిచూడటానికి ఈ తేదీకి మంచి సులువుంది. ఆగస్టు 15, ఆగస్టు 29 మధ్య సరిగ్గా రెండు వారాలు, కాబట్టి ఏ ఏడాదైనా రెండూ ఒకే వారం. 1947 ఆగస్టు 15 శుక్రవారం, అంటే ఆ ఏడు 29 కూడా శుక్రవారమే. వెనక్కి వెళ్లేటప్పుడు ఏడాదికి ఒక రోజు, దాటిన ప్రతి ఫిబ్రవరి 29కి ఇంకో రోజు తగ్గించాలి. ధ్యాన్‌చంద్ 1905: 42 ఏళ్లు, 10 లీపు రోజులు, మొత్తం 52. ఏడుతో భాగిస్తే శేషం 3. శుక్రవారం నుంచి మూడు వెనక్కి, మంగళవారం. గిడుగు 1863: 84 ఏళ్లు, 20 లీపు రోజులు, 104, శేషం 6, శనివారం. పిల్లలు ఇక్కడ 21 లీపులు అని లెక్కేస్తారు, 1900ని కూడా కలుపుకుని. అప్పుడు శుక్రవారం వస్తుంది, తప్పు.

40 మంది ఉన్న తరగతిలో ఎవరో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం 89 శాతం, 23 మంది ఉన్నా సగం దాటుతుంది. అదే ఆగస్టు 29నే పుట్టినవారు ఆ 40 మందిలో ఒకరైనా ఉండే అవకాశం 10 శాతమే. 500 మంది బడిలో అది 75 శాతం దాకా ఉంటుంది. హాజరు పట్టీ తెచ్చి చూడమనండి.

బడిబోర్డు:
అందరికీ ధన్యవాదాలండీ. తిథివారం గారూ, తెలంగాణలో భాషా దినోత్సవం కూడా ఇదే రోజా?

తిథివారం:
కాదండీ. తెలంగాణ భాషా దినోత్సవం సెప్టెంబరు 9న, కాళోజీ జయంతి నాడు. ఆయన పుట్టింది 1914లో. ఆగస్టు 29 గిడుగు వారిది.

ప్రయోగశాల:
మూడు నిమిషాలకి ఐదు అంశాలు మించనివ్వకండి. పిల్లలు గట్టిగా, ఆగి ఆగి చదివితే నిమిషానికి ఎనభై మాటలు దాటవు. సినిమా తారల పుట్టినరోజులు అడుగుతారు, నాగార్జున (1959), మైకేల్ జాక్సన్ (1958) చివర ఒక్క వరసలో సర్దండి. మొదటి అంశం ఇలా ఉండొచ్చు: ‘1863: శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో గిడుగు వెంకట రామమూర్తి జననం. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. తెలుగు వాడుక భాష కోసం పోరాడారు.’ ధ్యాన్‌చంద్‌కి అలహాబాదు, 1928, 1932, 1936 ఒలింపిక్ స్వర్ణాలు చాలు. తర్వాత ఫారడే, ఆ తర్వాత సెమిపలతిన్‌స్క్, ఐదోది లాక్. లాక్ పక్కన ‘పాత కేలండరు’ అన్న రెండు మాటలు తప్పకుండా రాయించండి. ప్రతి అంశం ఏ పుస్తకంలో చూశారో చీటీ మీద రాసి బోర్డు వెనక అంటించమనండి, వచ్చే ఏడు రాసేవాళ్లకి మళ్లీ వెతుకులాట ఉండదు.