అప్‌డేట్: 1066లో మన్‌స్టర్‌తో మొదలుపెట్టిన ఆట ముగిసింది

మధ్యయుగపు రాజవంశాన్ని తరతరాలుగా నడిపే కంప్యూటర్ ఆట క్రూసేడర్ కింగ్స్ 3లో, ఐర్లండ్‌లోని మన్‌స్టర్ రాజు ముర్చాద్‌తో మొదలుపెట్టాను. రాజు పోయిన ప్రతిసారీ రాజ్యం కొడుకుల మధ్య ముక్కలవుతోంది, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఐర్లండ్ కిరీటానికి టానిస్ట్రీ, అంటే రాజవంశంలోంచి వారసుణ్ణి సామంతులు ఓట్లతో ఎన్నుకునే చట్టం, పెట్టమన్నారు చాలామంది. పెట్టాను, పని చేసింది. అయితే ఆ చట్టం ఆ ఒక్క కిరీటానికే. దాని కింది డచీలు (రాజ్యంలోని పెద్ద ప్రాంతాలు) పాత పద్ధతిలోనే కొడుకుల మధ్య పంపకమైపోయాయి. రాజుగారికి కిరీటం దక్కింది, పొలాలు మాత్రం తమ్ముళ్ల పాలు!

ఇంకో చిక్కు, సామంతుల ఓట్లు పెద్ద వయసు వాళ్లకే ఎక్కువగా పడతాయి. తల నెరిసిన బాబాయి గద్దెనెక్కడం, కొత్త రాజంటే గిట్టని సామంతులను బుజ్జగించడం, ఆ పని సగంలో ఉండగానే ఆయన కన్నుమూయడం. ఇదే తంతు తరాల తరబడి నడిచింది. ఆటలోని చివరి యుగంలో పెద్దకొడుక్కే అంతా దక్కే చట్టం వచ్చాక ఊపిరి పీల్చుకున్నాను.

1453లో ఆట ఆగేసరికి ఐర్లండ్, వేల్స్, స్కాట్లండ్ నావి. ఇంగ్లండ్ లొంగలేదు. చరిత్రలో అదే ఏడు ఒట్టోమన్ల చేతికి చిక్కిన కాన్‌స్టాంటినోపుల్ నా పటంలో ఇంకా బైజాంటైన్ (తూర్పు రోమన్) సామ్రాజ్యపు రాజధానే.

ఈసారి 867లో వైకింగులతో మొదలుపెడుతున్నాను. వారసత్వ చట్టాల మీద సలహాలుంటే ముందే చెప్పండి.