పిడుగుతో చక్రం తిప్పొచ్చా, లేదా? తేల్చండి

పిడుగురాళ్లోడు: 2018 ఏప్రిల్లో 13 గంటల్లోనే ఆంధ్రాలో 36,749 పిడుగులు నమోదయ్యాయని విపత్తు నిర్వహణ సంస్థ చెప్పింది, గుర్తుందా? ఒక్కో దాంట్లో సుమారు వంద కోట్ల జౌళ్ల శక్తి. అంతా మట్టిపాలే. పెద్ద రాగి తీగచుట్ట పెట్టి, దాంతో ఫ్లైవీల్, అంటే శక్తిని దాచే బరువైన చక్రం, తిప్పి దాచుకోవచ్చు కదా, ఎవరూ ఎందుకు చేయట్లేదు?

పాతలైన్‌మన్: తమ్ముడూ, వంద కోట్లనగానే నోరూరుతుంది గానీ యూనిట్లలోకి మార్చి చూడు. యూనిట్‌కి 36 లక్షల జౌళ్లు, అంటే 280 కూడా రావు. ఎండాకాలం ఏసీ వేస్తే మా ఇంటి నెల బిల్లులోనే అంతకంటే ఎక్కువుంటాయి. అందులోనూ చాలావరకు దారిలో గాలిని కాల్చడానికి, వెలుగుకి, ఉరుముకి పోగా నేలకి చేరేది చిల్లరే. పైగా నువ్వు పాతిన స్తంభం మీదే పడాలిగా!

పిడుగురాళ్లోడు: పడేలా చేయొచ్చన్నా. ఫ్లోరిడాలో క్యాంప్ బ్లాండింగ్ దగ్గర యూనివర్సిటీ వాళ్లు రాకెట్‌కి సన్న తీగ కట్టి మబ్బులోకి వదిలి పిడుగుని దింపారు.

పాతలైన్‌మన్: దింపారు, పరిశోధన కోసం. ఆ తీగ ఒక్క దెబ్బకే ఆవిరైపోతుంది. 280 యూనిట్ల కోసం ప్రతిసారీ ఓ రాకెట్టా?

ఫిజిక్స్‌మాస్టారు: గతిశక్తిగా, అంటే కదలికగా మార్చడం అసలు సమస్యే కాదండీ, పిడుగు ఆ పని తనే చేసేస్తుంది. ఉరుమంటే ఒక్కసారిగా వేడెక్కి విరుచుకుపడే గాలే కదా. మా పెరట్లో వేపచెట్టు మీద పడినప్పుడు బెరడు పైనుంచి కిందిదాకా ఒలుచుకుపోయి, మూరెడు పేళ్లు ఎగిరి పక్కింటి రేకుల మీద పడ్డాయి, లోపలి తడి ఆవిరై పేలడం వల్ల. ఇంకోటి, ఆస్ట్రేలియాలో హార్ట్లీ వేల్ అనేచోట కిరోసిన్ శుద్ధి కర్మాగారంలో పిడుగు నుంచి కాపాడడానికి పెట్టిన రాగి గొట్టం, పిడుగు పడ్డాక గుప్పిట్లో పిసికినట్టు నలిగిపోయింది. 1905లో సిడ్నీ యూనివర్సిటీకి చెందిన పోలక్, బారక్లౌ దాన్ని పరిశీలించి, ఆ కరెంటు పుట్టించిన అయస్కాంత బలమే నలిపిందని తేల్చారు. మీ తీగచుట్టకీ ఇదే గతి. వేల ఆంపియర్లు మైక్రోసెకన్లలో వచ్చిపోతాయి, బరువైన చక్రం కదిలీ కదలకముందే చుట్ట చీలికలవుతుంది.

పిడుగురాళ్లోడు: సరే మాస్టారూ, చక్రం వదిలేశా. నీళ్ల డ్రమ్ములోకి దింపి, ఆ ఆవిరితో పిస్టన్ తోస్తే?

పాతలైన్‌మన్: చెయ్యి. డ్రమ్ము ముక్కలు ఏరుకోడానికి ముందే ఓ గోనెసంచి పక్కన పెట్టుకో.