అయ్యగారి మొదటి జ్ఞాపకార్థ కూడిక: ఫ్లెక్సీలు, దండలతో సరిపెట్టకుండా ఎట్టా జరపాలి?

పల్లె_యువజనులు

అందరికీ వందనాలు. మాది ఒంగోలు పక్క పల్లె (దళితవాడ), బాప్టిస్టు సంఘం. 38 ఏళ్లు సంఘాన్ని కాసిన పాస్టరు అయ్యగారు పోయిన ఏడాది ప్రభువునందు నిద్రించారు. ఆదివారం ప్రసంగం చెప్పి, సోమవారం అర్జీ పట్టుకుని కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో నిలబడిన మనిషి. వెట్టి మాన్పించడం, శ్మశానానికి స్థలం, టీకొట్లో రెండు గ్లాసుల పద్ధతి తీయించడం, దెబ్బలు తిన్నవాళ్ల తరఫున స్టేషన్‌కు పోవడం, అన్నీ ఆయనే. పెద్దలేమో 400 మందికి భోజనం, నిలువెత్తు ఫ్లెక్సీ, సెంటర్లో విగ్రహం అంటున్నారు. మేం చిన్న పుస్తకం, చర్చి గోడకు ఒక రాయి అంటున్నాం. మూడు నెలలుంది. దేంతో మొదలుపెట్టాలి?

కాగితాల_పని

పుస్తకంతో మొదలుపెట్టండి, కాలం తినేది అదే.

ముందు వయసు మళ్లినవాళ్ల దగ్గరికి పోండి. ‘అయ్యగారు ఎట్టాంటివారు?’ అని మాత్రం అడగబాకండి. ‘దేవుడులాంటి మనిషి’ అని కళ్లు తుడుచుకుంటారు, మాట అక్కడే ఆగిపోతుంది. పాత ఫొటోనో పట్టా కాగితమో చేతిలో పెట్టి, ‘ఆ రోజు ఆఫీసుకు ఎవరెవరు పోయారు? ఏ బస్సుకు? అర్జీ ఎవరు రాశారు? లోపల ఏమన్నారు?’ అని అడగండి. వరసగా వస్తుంది. ఫోను ఫ్లయిట్ మోడ్‌లో పెట్టి, మనిషికి మూరెడు దూరంలో ఉంచి, ఫ్యాను ఆపండి. ఫ్యాను కింద రికార్డు చేస్తే సగం మాటలు గాలిమోతలో కలిసిపోతాయి.

నోటిమాటకు కాగితం తోడు కావాలి. అర్జీల నకళ్లు, రశీదులు, పోస్టు అక్నాలెడ్జ్‌మెంట్లు అయ్యగారింట్లో ఉంటే అమ్మగారిని అడిగి అక్కడే కూర్చుని ఫొటో తీసుకోండి, కట్టలు బయటికి తేబాకండి. వెట్టి నుంచి విడిపించినవాళ్ల దగ్గర 1976 చట్టం కింద ఇచ్చిన విడుదల పత్రం ఉందేమో చూడండి. కేసులకైతే స్టేషన్ పేరు, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం మూడూ ఉంటేనే ఎక్కడైనా వెతకగలరు.

ఇంట్లో దొరకనివి సమాచార హక్కు దరఖాస్తుతో అడగండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు 30 రోజులు గడువు కాబట్టి ఈ వారమే పెట్టాలి. ‘అయ్యగారి అర్జీలన్నీ ఇవ్వండి’ అని రాస్తే తిరిగొస్తుంది. ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఏ ఏడాది అనేది రాయండి. పాత జవాబు మీద ఆర్.డిస్ అని ఉంటే ఆ ఫైలు శాశ్వతంగా దాచేది, ఎల్.డిస్ అయితే కొన్నాళ్లకే పారేసేది, ఆశ పెట్టుకోబాకండి. ఇంకో చిక్కు జిల్లాలది. ప్రకాశం పుట్టింది 1970లో. 2022లో చీరాల, కారంచేడు బాపట్లకు వెళ్లాయి. ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకుని దరఖాస్తు రాయకపోతే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగే లోపల నెల గడిచిపోతుంది.

విన్నదంతా అచ్చు వేయొద్దు. ‘1985 జులైలో కారంచేడులో దళితులను చంపిన ఘోరం జరిగాక చీరాల శిబిరంలో అయ్యగారు ఉన్నారు’ లాంటి మాట వస్తే, వేర్వేరుగా ఇద్దరు చెప్పాలి, లేదా ఒక కాగితం ఉండాలి. ఒక్క తప్పు పట్టుబడితే నిజాలను కూడా నమ్మరు.

మన వైపు సంఘ చరిత్రలు సగం పేజీలు క్లౌ దొర (ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ) దగ్గరే ఖర్చు చేస్తాయి. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం అన్నది అరపేజీ చాలు. ఆ అరపేజీలో కరువు సంగతి మాత్రం వదలొద్దు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకుండా, ఆ పని సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపాడు. మీ అయ్యగారి అర్జీలకు వేరు అక్కడుంది.

పేర్ల దగ్గర చాలా జాగ్రత్త. అత్యాచార బాధితుల పేరు గానీ, ఆనవాలు గానీ అచ్చు వేయడం నేరం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్. రెండోది ఇంకా సున్నితం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవానికి మారిన వాళ్లకు ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. మారినవాళ్లకు ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో మన హైకోర్టు తీర్పు కూడా ఉంది. ఒకరి పేరు, కులం, బాప్తిస్మం తేదీ మూడూ ఒకే పేజీలో వేస్తే ఆ కుటుంబానికి ఏమవుతుందో వాళ్లకు విడమరిచి చెప్పి, వాళ్లు సరేనంటేనే వేయండి. అయ్యగారు జీవితమంతా కాపాడిన మనుషులు వీళ్లు.

చీమకుర్తి_రాయి

సెంటర్లో విగ్రహం ఆలోచన మానుకోండి. రోడ్ల మీద, జనం వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. లక్షలు పోసి చేయించి గోనెపట్టా కప్పి ఉంచుకోవాల్సి వస్తుంది. చర్చి గోడకు రాయి మంచి ఆలోచన.

చీమకుర్తి పక్కనే గదా అని అందరూ గెలాక్సీ తీసుకుంటారు. దాంట్లో బంగారు చుక్కలుంటాయి. పెద్ద అక్షరాలకు అందమే. అరంగుళం అక్షరాల మధ్య మాత్రం ఆ చుక్క ఒకచోట సున్నాలాగా, ఒకచోట తలకట్టులాగా కనపడి చదువు తడబడుతుంది. రాత ఎక్కువుంటే చుక్కల్లేని నల్లరాయి అడగండి. 3 అడుగులు × 2 అడుగులు, 20 మిల్లీమీటర్ల పలక గోడకు చాలు. పాలిష్ రాయి మీద ఎండ పడితే మెరుపుకు అక్షరం కనపడదు, అందుకే ఉత్తరం చూసే గోడ మేలు.

అక్షరం ముప్పావు అంగుళానికి తగ్గనీయొద్దు. స్టిక్కర్ అంటించి, అక్షరాలు కోసి, ఇసుక కొడతారు. ‘స్త్ర’, ‘జ్ఞ’ లాంటి చోట్ల రెండు గీతల మధ్య మిగిలే స్టిక్కర్ ముక్క నూలుపోగంత ఉంటుంది. ఇసుక వేగానికి అది లేచిపోయి రెండు గీతలూ కలిసి ఒకే గుంట అవుతుంది. రాయి మీద దిద్దడం కుదరదు.

మీరు ఫోన్లో కొట్టేది యూనికోడ్, చాలా డీటీపీ షాపుల్లో వాడేది అను ఫాంటు. మార్చేటప్పుడు వత్తులు చెదురుతాయి. రాయికెక్కే సైజులోనే కాగితం మీద ప్రింటు తీయించి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు వేలు పెట్టి చూడండి. పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకటి, సంఘం రిజిస్టర్లో ఒకటి ఉండొచ్చు. ఏది వేయాలో కుటుంబాన్నే తేల్చమని ప్రింటు మీద సంతకం తీసుకోండి. పేరు, సంవత్సరాలు, చేసిన పనులు నాలుగు పంక్తులు, కింద బైబిలు వాక్యం ఆమోసు 5:24 (న్యాయం నీళ్లలా పారాలన్నది). అంతకు మించి వద్దు.

పల్లె_యువజనులు

చాలా మేలు చేశారన్నా. కూడిక సంగతి కూడా చెప్పండి. నాయకులు వస్తామంటున్నారు, మైకు వాళ్ల చేతికి పోతుందని భయం.

అల్లూరు_అక్క

వచ్చేవాళ్లను రావొద్దనబాకండి. కార్డులోనే ‘సాక్ష్యం చెప్పువారు’ అని పేర్లు అచ్చు వేయండి, అచ్చులో లేని పేరును అప్పటికప్పుడు పిలవమని ఎవరూ గట్టిగా అడగలేరు. నాయకులకు ఒక దండ, ముందు వరసలో కుర్చీ చాలు.

ఎనిమిది మందికి మించొద్దు. మనిషికి ఐదు నిమిషాలు అనుకుంటే ఎనిమిది అవుతుంది, మొత్తం గంట దాటుతుంది. పట్టా వచ్చిన ఆడమనిషి, వెట్టి నుంచి బయటపడిన కుటుంబం ముందుండాలి. స్టాండు ముందు నిలబెడితే కూలిపనికి పోయే అమ్మలు గొంతు పెగలక కూర్చుంటారు. కార్డ్‌లెస్ మైకు వాళ్లు కూర్చున్న చోటికే తీసుకుపోయి, పక్కన మనిషి కూర్చుని మొదటి ప్రశ్న అడగాలి.

మైకు అనుమతికి వారం ముందే స్టేషన్లో రాసిచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. రాత్రి 10 తర్వాత ఎట్టాగూ కుదరదు. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెడితే ఏడున్నరకు భోజనాలు. 400 మందికి 50 కిలోల బియ్యం బస్తా ఒకటి సరిపోతుంది, పది కిలోలు పక్కన ఉంచండి.

ఊళ్లో నుంచి వచ్చేవాళ్లకు ప్లాస్టిక్ కుర్చీలు, పల్లెవాళ్లకు పట్టాలు అనే తేడా రానీయొద్దు. అందరికీ ఒకటే గ్లాసు, ఒకటే బంతి. ఆయన కూడికలో ఈ ఒక్కటి తప్పితే తక్కినవన్నీ దండగే.

కాగితాల_పని

విగ్రహానికి అనుకున్న డబ్బు గురించి ఒక మాట. 3 లక్షలు డిపాజిట్ చేస్తే ఆరున్నర శాతం మీద ఏడాదికి 19,500 వస్తుంది. లా చదివే పల్లె పిల్లకు పుస్తకాలు, పరీక్ష ఫీజు గడుస్తాయి. ఒకరి పేరు మీద ఖాతా తెరవొద్దు. 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురితో రిజిస్టర్ చేయించి, ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు కదిలేటట్టు తీర్మానం రాసుకోండి. ఆ ఏడుగురిలో స్త్రీల సమాజం నుంచి ముగ్గురైనా ఉండాలి.