ఒకే దాత మీద నడిచే సంస్థ: నిధుల సేకరణకి జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాలా, వద్దా?

కొత్తచిగురు:
అందరికీ నమస్కారం. బడి మానేసిన పిల్లలకి సాయంత్రం చదువు చెప్పే చిన్న సంస్థ మాది. ఖర్చులో ముప్పాతిక వంతు ఒకే ఫౌండేషన్ భరిస్తోంది. వచ్చే ఏడాదితో ఒప్పందం అయిపోతుంది. మళ్లీ ఇస్తారన్న భరోసా లేదు. నిధుల పని చూడటానికే ఒక మనిషిని జీతానికి పెట్టుకుందామన్నాను. బోర్డులో పెద్దాయన “పిల్లల పేరు చెప్పి తెచ్చిన డబ్బుతో అడుక్కొచ్చేవాణ్ణి మేపుతావా?” అని కోప్పడ్డారు. ఇంకొకాయన, తెచ్చిన దాంట్లో పది శాతం కమీషన్ ఇద్దాం, తేకపోతే మనకి పోయేదేం లేదు కదా అంటున్నారు. మీ అనుభవంలో ఏది నయం?

గట్టుమీదపిట్ట:
కమీషనే బాగుంది. పనైతేనే డబ్బు.

లెక్కలమాస్టారు:
కమీషన్ జోలికి మాత్రం పోకండి. అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్ అని ఈ వృత్తివాళ్లకి ఒక సంఘముంది. తెచ్చిన మొత్తంలో శాతం తీసుకోవడాన్ని వాళ్ల నియమావళే నిషేధించింది. ఊరికే కాదు. దాతకి సంస్థ మీద గురి కుదరడానికి ఏడాదీ రెండేళ్లూ పడుతుంది. కమీషన్ మనిషికి అంత ఓపిక ఉండదు, ఈ నెల చెక్కు పడితే చాలు. లేనిపోని మాటలు చెప్పి తెస్తాడు, రిపోర్టు రాసేటప్పుడు తంటాలు మీకు. పైగా ఆ పది శాతం ఏ పద్దు కింద రాస్తారు? నాకు తెలిసి ఏ ఫౌండేషనూ తన గ్రాంటులోంచి కమీషన్ పోతుందంటే ఒప్పుకోదు.

అసలు భయపడాల్సింది ఆ “ముప్పాతిక వంతు” చూసి. 2025 జనవరి 20న అమెరికా ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో విదేశీ సాయాన్ని 90 రోజులు ఆపేసింది. ఆ డబ్బు మీదే నడిచేవాళ్లు ఎన్నో చోట్ల వారాల్లోనే సిబ్బందిని ఇంటికి పంపాల్సొచ్చింది. పని బాగా చేసినవాళ్లకీ అదే గతి పట్టింది. మనిషిని జీతానికే పెట్టుకోండి, అదీ గ్రాంటు చేతిలో ఉండగానే.

వట్టిచేతులు:
మీ పెద్దాయన మాటే నిజం. నేను సంస్థ పెట్టిన నాటి నుంచీ జీతమన్నది తీసుకోలేదు. వందలో తొంభై ఐదు నేరుగా పనికే పోతుంది, మిగతా ఐదులోనే ఆఫీసు, ఆడిట్, తిరుగుళ్లు. దాతలు నన్ను చూసి ఇస్తారు. నిజాయితీగా పని చేస్తే డబ్బు దానంతటదే వస్తుంది, దానికి ప్రత్యేకంగా ఉద్యోగస్థుడు ఎందుకండీ?

లెక్కలమాస్టారు:
తొంభై ఐదా! మీ లెక్కలు ఎవరు రాస్తారు సార్?

వట్టిచేతులు:
తెలిసిన కుర్రాడు ఆదివారాలు వచ్చి రాసిపోతాడు. ఉచితంగా.

లెక్కలమాస్టారు:
అంటే ఖర్చు ఉంది, మీ పుస్తకాల్లో లేదంతే. ఆ కుర్రాడు మానేసిన రోజు మీ తొంభై ఐదు ఎంతవుతుంది? అమెరికాలో స్వచ్ఛంద సంస్థల వివరాలిచ్చే, వాటిని తూచే గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్, ఈ మూడూ కలిసి 2013లో దాతలకి బహిరంగ లేఖ రాశాయి. నిర్వహణ ఖర్చు శాతం ఒక్కటే చూసి సంస్థని తూచకండి అని. అమెరికా ప్రభుత్వం కూడా, సొంతంగా రేటు కుదుర్చుకోని సంస్థలకి పరోక్ష ఖర్చుల (ఆఫీసు, లెక్కలు లాంటి ఏ ఒక్క ప్రాజెక్టుకీ చెందని ఖర్చులు) కింద ఇచ్చే వాటా పరిమితిని 2024 అక్టోబరు నుంచి 10 శాతం నించి 15కి పెంచింది. మీరు ఇంకా ఐదు దగ్గరే ఉన్నారు.

వట్టిచేతులు:
వాళ్ల గొడవ వాళ్లది. నా దాత నన్ను అడిగేది ఆ శాతమే.

పద్దుపుస్తకం:
అడుగుతారు కాబట్టే అందరం అబద్ధాలు రాస్తున్నాం. నేను పనిచేసిన ఒక చోట అకౌంటెంటు జీతాన్ని మూడు ముక్కలు చేసి, మూడు ప్రాజెక్టుల్లోనూ “శిక్షణ సమన్వయం” అని వేసేవాళ్లం. ప్రింటరు “అభ్యాస సామగ్రి”. ఆడిట్‌కి ముందు కూర్చుని ఆ నెలల టైమ్‌షీట్లన్నీ ఒకే పెన్నుతో నింపేవాణ్ణి. చివరికి నిర్వహణ ఖర్చు పది శాతం లోపే తేలేది, అందరూ సంతోషం.

కొత్తచిగురు:
నేను అడిగింది ఫండ్‌రైజర్ గురించండీ...

గట్టుమీదపిట్ట:
దాతల గోలే లేకుండా సొంత ఆదాయం చూసుకోవచ్చుగా? అరవింద్ కంటి ఆసుపత్రి అలాగే కదా.

లెక్కలమాస్టారు:
ప్రతి చర్చలోనూ అరవింద్ రావాల్సిందే. అది 1976లో మధురైలో 11 పడకలతో మొదలైంది. డబ్బివ్వగలిగినవాడికీ ఇవ్వలేనివాడికీ అక్కడ కావల్సింది ఒకే ఆపరేషన్, కాబట్టి ఒకరి ఫీజు ఇంకొకరికి ఆసరా అయింది. బడి మానేసిన పిల్లల దగ్గర ఫీజు కట్టే సగం ఏది? బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే పెద్ద స్వచ్ఛంద సంస్థకి చేతివృత్తుల సరుకు అమ్మే ఆరోంగ్ దుకాణాలున్నాయి, నిజమే, 1978 నుంచి నడుస్తున్న పూర్తిస్థాయి వ్యాపారం అది. ఏడాదిలో గ్రాంటు అయిపోయే సంస్థ ఇప్పుడు దుకాణం తెరిస్తే విత్తనం వేసిన మర్నాడే కోతకి కొడవలి పట్టినట్టుంటుంది.

ఫీల్డుమనిషి:
చాలాసేపటి నుంచి చదువుతున్నా. తొంభై ఐదు శాతం అని ప్రతి బ్రోచర్ మీదా వేసుకునే చోట నేను చేశాను. పేరు వద్దు. గ్రాంటులో ఆఖరి విడత, ఆడిట్ రిపోర్టు చేరాకే విడుదల చేస్తారు. అప్పటిదాకా సంస్థే చేతిలోంచి పెట్టుకోవాలి. చేతిలో ఏముంది? రిజర్వు, అంటే కష్టకాలానికని డబ్బు పక్కన ఉంచుకోవడం, పాపం అనేవాడు మా వ్యవస్థాపకుడు. అద్దె ఆగలేదు, ఆడిటర్ ఫీజు ఆగలేదు. ఆగింది మా జీతాలే. అడిగితే “నేను మొదటి నుంచీ తీసుకోవట్లేదు, మీరు నాలుగు నెలలు ఆగలేరా?” అన్నాడు. ఆ నెలల్లోనే వార్షికోత్సవం చేసి మాతో పాటలు పాడించాడు.

వట్టిచేతులు:
ఎవరో చేసినదానికి నన్నంటే ఎలా? సేవ అని వచ్చినప్పుడు కొంత ఓర్చుకోవాలి. జీతమే ముఖ్యమైతే వేరే ఉద్యోగాలు బోలెడు.

ఫీల్డుమనిషి:
అదీ సంగతి. జీతం లేకుండా ఉండగలగడం త్యాగం కాదు సార్, వెసులుబాటు. మీకు ఇంకెక్కడి నుంచో గడుస్తోంది కాబట్టి మీరు వ్యవస్థాపకులు, నాకు గడవదు కాబట్టి నేను “జీతానికి వచ్చినవాణ్ణి”. మీ లెక్కలో నాలాంటివాడు సంస్థ నడపడానికి ఎప్పటికీ పనికిరాడు.

పద్దుపుస్తకం:
👏

నిర్వాహకుడు:
వ్యక్తిగత మాటలు తగ్గించండి.

వట్టిచేతులు:
తగ్గించక్కర్లేదు, చెప్తాను. నా భయం ఖర్చు గురించి కాదు. మాకంటే ముందు పెట్టిన ఒక సంస్థ ఉండేది, ఆడవాళ్ల భూమి హక్కుల మీద పనిచేసేది. ముప్పై మందికి జీతాలివ్వాలి, ఆ పనికి గ్రాంట్లు దొరకలేదు. దాత మరుగుదొడ్లకి ఇస్తానంటే మరుగుదొడ్లకి వెళ్లారు. తర్వాత కంప్యూటర్ శిక్షణ అంటే దానికి వెళ్లారు. భూమి కేసులు వేసిన ఆడవాళ్లు ఆఫీసుకొస్తే ఫైళ్లు చూసేవాడు లేడు. సంస్థ మాత్రం నిక్షేపంగా ఉంది, కొత్త భవనం కూడా కట్టింది. జీతాల పట్టీ పెరిగితే పని దాని వెనక పోతుంది. అలా బతకడం కంటే పని ఆగిన రోజు మూసెయ్యడం నయం అంటాను.

లెక్కలమాస్టారు:
ఈ మాట మొదట్లోనే అనుంటే ఇంతసేపు తొంభై ఐదు దగ్గర కొట్టుకునేవాళ్లం కాదు. భయం సరైందే, మందు మాత్రం తప్పు. వాళ్లు మరుగుదొడ్లకి ఎందుకు వెళ్లారు? ఆర్నెల్లు ఆగి వేరే దాతని వెతుక్కోవడానికి చేతిలో డబ్బు లేక. రిజర్వు ఉన్నవాడే దాతకి వద్దని చెప్పగలడు. ఫలానా పనికే అని షరతు పెట్టని డబ్బు అందుకే బంగారం. అమెరికాలో పెద్ద దాత మెకంజీ స్కాట్ ఇచ్చే విరాళాల గురించి అంతగా చెప్పుకునేది ఆ షరతు లేకపోవడం వల్లే. అలాంటి పెద్ద దాత అందరికీ దొరకడు. చిన్న మొత్తాలు ఏటేటా ఇచ్చే వందమందిని పోగేసి, ఎవరు ఎప్పుడు ఇచ్చారో రాసిపెట్టుకుని, రశీదు పంపి, ఫోన్ చేసి పలకరించే మనిషి కావాలి. అది ఆదివారం కుర్రాడి వల్ల కాదు.

వట్టిచేతులు:
ఆ వందమందీ నన్ను నమ్మి ఇస్తున్నారు. ఎవరో ఫోన్ చేస్తే ఇస్తారా?

ఫీల్డుమనిషి:
మీ తర్వాత ఎవరికి ఇస్తారు?

వట్టిచేతులు:
బోర్డు ఉంది కదా.

ఫీల్డుమనిషి:
బోర్డులో ఎవరెవరు?

వట్టిచేతులు:
నేను, మా ఆవిడ, మా బావమరిది, ఇంకో ఇద్దరు స్నేహితులు. నమ్మకస్థులే కావాలి కదండీ.

గట్టుమీదపిట్ట:
😀

కొత్తచిగురు:
చాలా విషయాలు తెలిశాయి. కమీషన్ మాట బోర్డులో వదిలేస్తాను. మళ్లీ పంపే ప్రపోజల్‌లో అకౌంటెంటు జీతం, నిధుల మనిషి జీతం దాచకుండా వాటి పేరుతోనే రాయాలనుకుంటున్నా. ఫౌండేషన్ కొట్టేస్తే?

లెక్కలమాస్టారు:
కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో అడగండి. చాలామంది అడగరు. రాయడానికి ముందే ఆ ఫౌండేషన్‌లో మీ గ్రాంటు చూసే మనిషికి ఫోన్ చేసి, పరోక్ష ఖర్చులకి ఎంత దాకా ఒప్పుకుంటారో కనుక్కోండి. పూర్తి జీతం ఇవ్వలేకపోతే సగం రోజు పనికి పెట్టుకోండి. వచ్చిన మనిషిని కొత్త దాతల వెంట పరిగెత్తించకండి, ఒకసారి ఇచ్చి మళ్లీ కనబడనివాళ్ల జాబితా ముందు ఇవ్వండి. మీ పెద్దాయన్ని కూడా ఆ ఫోన్లలో నాలుగు చేయమనండి.

పద్దుపుస్తకం:
ప్రింటరుని ప్రింటరనే రాయండి.